తోటలో గడ్డి, దానికి మిషన్, ఆ మిషన్‌కి ట్రాక్టర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా గడ్డి గురించే. వానలు పడ్డాయి కదా, తోటల్లో గడ్డి మోకాళ్ళ దాకా లేచింది, అందరికీ ఒకటే కంగారు. ఊళ్ళు వేరు నేలలు వేరు గానీ దాదాపు అందరూ "ఎన్ని హెచ్‌పీ ట్రాక్టర్ కొనాలి" అనే మొదలుపెట్టారు, నేను ఒప్పుకోనిది అక్కడేనండి. ముందు మీ గడ్డి ఏంటో, చెట్ల మధ్య దారి ఎంతుందో చూసుకోండి, దానికి సరిపోయే కోత మిషన్ ఏదో తేల్చుకోండి, ఆ మిషన్‌ని తిప్పగలిగే ట్రాక్టర్ ఆఖర్న వస్తుంది. ముందే షోరూముకెళ్ళి బండి తెచ్చుకుని తర్వాత దాని వెనక ఏం తగిలించాలా అని వెతుక్కుంటే డబ్బులు రెండుసార్లు పోతాయి.

ప్రశ్న: అన్నగారూ, మాది నూజివీడు దగ్గర 6 ఎకరాల మామిడి తోట, బంగినపల్లి, చిన్నరసాలు కలిపి. సగం నాన్నగారు పెట్టిన పాత చెట్లు, 30 అడుగుల దూరం. మిగతా సగం నేను 5 ఏళ్ళ కింద 16 అడుగుల దూరంలో పెట్టాను, డ్రిప్ ఉంది. వానాకాలంలో నెలకోసారి అద్దె ట్రాక్టర్‌తో రోటవేటర్ వేయిస్తున్నాం. పెద్ద బండి కొత్త చెట్ల మధ్య తిరగట్లేదు, కొమ్మలు విరుగుతున్నాయి, డ్రిప్ పైపులు తెగుతున్నాయి. సొంతంగా కొందామంటే డీలర్ 45 హెచ్‌పీ తీసుకోమంటున్నాడు, రేపు దమ్ముకి కూడా పనికొస్తుంది అంటాడు. మా తమ్ముడేమో మినీ చాలు అంటాడు. ఏది తీసుకోవాలి? గడ్డికి రోటవేటరేనా, ఇంకేమన్నా ఉందా?
– ఒక మామిడి రైతు, నూజివీడు

జవాబు: మీ తమ్ముడు చెప్పిందే కరెక్టండి. కానీ బండి సంగతి తర్వాత, ముందు రోటవేటర్ గురించి మాట్లాడుకోవాలి ఎందుకంటే మీ తోటలో అసలు నష్టం అక్కడ జరుగుతోంది, కొమ్మలు విరగడం కంటికి కనపడుతుంది, వేర్లు తెగడం కనపడదు అంతే తేడా.

ఒక పని చేయండి, గునపం తీసుకెళ్ళి రెండు చోట్ల జానెడు లోతు తవ్వండి, ఒకటి రోటవేటర్ ఎప్పుడూ తిరిగే సాలు మధ్యలో, ఇంకోటి గట్టు పక్కన ఏ ట్రాక్టరూ ఎక్కని చోట. నేను మా తోటలో తవ్వితే గట్టు పక్కన గునపం మెత్తగా దిగింది, వానపాములు కనపడ్డాయి, గడ్డి వేర్లు జల్లెడలాగా అల్లుకుని ఉన్నాయి. సాలు మధ్యలో పైన నాలుగైదు అంగుళాలు పిండిలా ఉంది, దాని కింద గునపం టంగుమంది. ఆ గట్టి పొర రోటవేటర్ కత్తులు ఏళ్ళ తరబడి ఒకే లోతులో తిరిగి చేసిందే. వాన పడితే నీళ్ళు దాని కిందకి దిగవు, పైన పిండిలా ఉన్న మట్టిని వెంటేసుకుని వాలు వైపు పోతాయి. పైగా మామిడికి తిండి తెచ్చే సన్నటి వేర్లు ఎక్కువ భాగం పై అడుగు అడుగున్నర మట్టిలోనే ఉంటాయి, మీరు నెలకోసారి వాటినే కోస్తున్నారు. ఇంకోటి, తుంగ, గరిక ఉన్న తోటలో రోటవేటర్ వేస్తే అవి చావవు, గడ్డలు వేర్లు ముక్కలై తోటంతా నాట్లేసినట్టు పరుచుకుంటాయి. పదిహేను రోజుల్లో ముందుకంటే దట్టంగా వచ్చిందని అందరూ అనేది అందుకే.

వానాకాలం చివర్లో, పూతకి ముందు నేల బెట్టకి రావాలని పెద్దవాళ్ళు ఒకసారి దున్నిస్తారు, దాన్ని నేను కాదనను, చెట్టు మొదలుకి దూరంగా పైపైన గొర్రుతో ఒక్కసారి గీయించండి. నెలనెలా రోటవేటర్ మాత్రం ఆపేయండి. గడ్డిని పీకాల్సిన పని లేదు, కోసి అక్కడే పడేస్తే చాలు. మూడు నాలుగు అంగుళాలు వదిలి పైన కోస్తే వేర్లు మట్టిని పట్టుకుని ఉంటాయి, కోసిన గడ్డి ఎండి నేల మీద దుప్పటిలా పడుతుంది, తేమ ఆగుతుంది, రెండేళ్ళకి మట్టి రంగే మారుతుంది.

దీనికి మన దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు. ఒకటి స్లాషర్. కింద పెద్ద రేకు డబ్బా, అందులో రెండో మూడో కత్తులు ఫ్యాన్ రెక్కల్లా అడ్డంగా తిరుగుతాయి, పైన గేర్‌బాక్స్, ట్రాక్టర్ వెనక ఇంజన్ పవర్‌తో తిరిగే ఇరుసు ఉంటుంది, దాన్ని పీటీఓ అంటారు, అక్కణ్ణుంచి షాఫ్ట్ వచ్చి దానికి తగులుతుంది. ఏడెనిమిది వారాలు వదిలేసి నడుం దాకా లేచిన గడ్డినైనా, వేలు లావు కంపనైనా కొట్టి పడేస్తుంది. రేటు తక్కువ, రిపేరు మన ఊరి వెల్డింగ్ షాపులోనే అయిపోతుంది. రెండోది మల్చర్, ఫ్లెయిల్ మూవర్ అని కూడా అంటారు, రోలర్‌కి వరసగా చిన్న చిన్న సుత్తులో వై ఆకారం కత్తులో వేలాడుతూ నిలువుగా తిరుగుతాయి. గడ్డిని సన్నగా తురుముతుంది, కత్తిరింపులు చేసిన చిన్న కొమ్మల్ని కూడా నలిపేస్తుంది, రాళ్ళు విసరడం తక్కువ. కానీ రేటు ఎక్కువ, బరువెక్కువ, స్లాషర్ కంటే ఎక్కువ పవర్ లాగుతుంది, కత్తులు అన్నీ మార్చాల్సి వస్తే ఖర్చే. మీ తోటకి స్లాషర్ చాలు అని నా అభిప్రాయం. ఏటా కత్తిరింపులు బాగా చేసి ఆ కొమ్మల్ని తోటలోనే కలపాలనుకుంటే అప్పుడు మల్చర్ గురించి ఆలోచించండి, లేకపోతే అనవసరం.

ఇప్పుడు వెడల్పు. 16 అడుగుల దూరంలో 5 ఏళ్ళ చెట్టు గొడుగు తొమ్మిది పది అడుగులు పరుచుకుంటుంది అనుకుందాం, మధ్యలో మిగిలే దారి ఆరేడు అడుగులు. 45 హెచ్‌పీ బండి చక్రాల బయటి అంచుల మధ్య అయిదున్నర ఆరు అడుగులు ఉంటుంది, ఇక తిరగడానికి చోటెక్కడుంది? మినీ అయితే మూడు మూడున్నర నాలుగు అడుగుల్లో ఉంటుంది, అటూ ఇటూ ఊపిరాడుతుంది. దానికి 4 అడుగుల స్లాషర్ తగిలించండి. స్లాషర్ వెడల్పు ఎప్పుడూ వెనక చక్రాల బయటి అంచు కంటే కనీసం రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే చక్రం తొక్కిన గడ్డి కత్తికి అందక పడుకునే ఉంటుంది, రెండు రోజుల తర్వాత చూస్తే తోటంతా చారలు చారలుగా లేస్తుంది. అందుకని కొనేముందు టేపు పట్టుకెళ్ళి చక్రాల బయటి కొలత మీరే కొలవండి, సేల్స్ కుర్రాడు నోటితో చెప్పింది నమ్మొద్దు.

పవర్ లెక్క తేలికే. స్లాషర్‌కి అడుగు వెడల్పుకి సుమారు 5 హెచ్‌పీ పీటీఓ దగ్గర ఉండాలి. అంటే 4 అడుగులకి 20. ఇంజన్ హెచ్‌పీ వేరు పీటీఓ హెచ్‌పీ వేరు అన్నది మర్చిపోవద్దు, బానెట్ మీద రాసేది ఇంజన్‌ది, గేర్లు దాటుకుని వెనక్కి వచ్చేసరికి కొంత తగ్గుతుంది. కాబట్టి మీకు 24 నుంచి 28 హెచ్‌పీ బండి సరిగ్గా సరిపోతుంది. మహీంద్రా జివో 245, కుబోటా నియోస్టార్ బీ2441 ఇవి 24లో ఉంటాయి, జాన్ డీర్ 3028 ఈఎన్ 28, స్వరాజ్ టార్గెట్ 630 అయితే 29. సోనాలికా, వీఎస్‌టీ, కెప్టెన్ వాళ్ళవీ ఈ సైజుల్లో ఉన్నాయి. వీటిలో ఫలానాదే కొనండి అని నేను చెప్పను, మీ తోటకి అరగంటలో మెకానిక్ ఎవరి దగ్గర్నుంచి రాగలడో వాళ్ళ బండికే నా ఓటు. ట్రాక్టర్లని మధ్యప్రదేశ్ బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థలో టెస్ట్ చేస్తారు, పీటీఓ పవర్ ఎంత, హైడ్రాలిక్ ఎంత బరువు ఎత్తుతుంది, డీజిల్ ఎంత తాగుతుంది అన్నీ ఆ రిపోర్టులో ఉంటాయి. మీకు నచ్చిన మోడల్ టెస్ట్ రిపోర్ట్ చూపించమని డీలర్‌ని అడగండి, అడగడం మీ హక్కు.

టైమ్ కూడా చూసుకుందాం. నడక వేగంలో, అంటే గంటకి 4 కిలోమీటర్లు, 4 అడుగుల కోత, 1.2 మీటర్లు అనుకోండి, గంటకి 4800 చదరపు మీటర్లు. సాలు చివర మలుపులకి, ఒకదాని మీద ఒకటి పడే కోతకి అయిదో వంతు తీసేస్తే 3800 చిల్లర, ఎకరం 4047 కాబట్టి ఎకరానికి గంట, కాస్త అటూ ఇటూ. మీ 6 ఎకరాలు ఏడాదికి అయిదు కోతలు అనుకుంటే 30 గంటలు. ట్రాక్టర్ ఖర్చు లెక్కలు కట్టేవాళ్ళు ఏడాదికి 1000 గంటల పని అని వేసుకుంటారు, మీ గడ్డి దానికి ఏ మూలకి? అందుకే చెప్తున్నా, ఒక్క గడ్డి కోసమే అయితే ఏ ట్రాక్టరూ కొనొద్దు. కానీ మీకు మందు కొట్టే పని ఉంది, పూత దగ్గర్నుంచి పిందె దాకా తేనెమంచు పురుగుకీ బూడిద తెగులుకీ కొడుతూనే ఉండాలి, దానికి పీటీఓతో తిరిగే పంపు, పెద్ద డ్రమ్ము కావాలి, కాయ కోతలో ట్రేలు రోడ్డు దాకా లాగే తొట్టి కావాలి. ఇవన్నీ కలిపితే సొంత బండికి న్యాయం జరుగుతుంది. 45 హెచ్‌పీ దమ్ముకి పనికొస్తుంది అన్న మాట మీకు వరి లేనప్పుడు ఎందుకండీ, పొరుగువాళ్ళ దమ్ము కోసం మీ చెట్ల కొమ్మలు విరగ్గొట్టుకుంటారా.

బండిలో చూడాల్సినవి చెప్తా. ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోండి, వానాకాలం ఎర్రమట్టిలో తడి గడ్డి మీద టూ వీల్ జారుతుంది. సైలెన్సర్ పైకి లేచి ఉండేది వద్దు, కింద నుంచో పక్క నుంచో పోయేది తీసుకోండి, పాత చెట్ల కింద దూరేటప్పుడు కొమ్మకి తగిలి మొదట వంగేది అదే. బండి బోల్తా పడ్డా మనల్ని కాపాడే ఇనప ఫ్రేము సీటు వెనక ఉంటుంది, అది మడిచేది అయితే చెట్ల కింద మడుచుకుని బయటికి రాగానే మళ్ళీ లేపండి, విప్పి షెడ్డులో పడేయొద్దు. అన్నిటికంటే ముఖ్యం క్లచ్. డ్యూయల్ క్లచ్ గానీ విడిగా పీటీఓ క్లచ్ గానీ ఉండాలి, అంటే చక్రాల్నీ పీటీఓనీ వేర్వేరుగా ఆపగలగాలి.

ఎందుకో మా ఇంట్లో జరిగింది చెప్తాను. నేను మొదటిసారి స్లాషర్ తగిలించుకున్న ఏడాది, సింగిల్ క్లచ్ పాత బండి. సాలు చివర కంచె దగ్గరికొచ్చి క్లచ్ తొక్కాను, బండి ఆగాలి కదా, ఆగలేదు. ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు ఇంకో నాలుగడుగులు పోయి కంచె రాయిని పడేసి ముళ్ళతీగలో ముక్కు పెట్టి ఆగింది. అప్పుడు అవతల మా పాలేరు కొడుకు నిలబడి ఉన్నాడు, పక్కకి దూకాడు కాబట్టి సరిపోయింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జరిగింది ఏంటంటే, స్లాషర్ కత్తులు బాగా బరువు, ఒకసారి తిరగడం మొదలెట్టాక క్లచ్ తొక్కినా ఆ ఊపు ఆగదు, షాఫ్ట్ ద్వారా వెనక్కొచ్చి గేర్‌బాక్స్‌ని అదే తిప్పి చక్రాల్ని ముందుకి తోస్తుంది. దీనికి మందు ఓవర్ రన్నింగ్ కప్లింగ్ అని చిన్న ముక్క, పీటీఓకి షాఫ్ట్‌కి మధ్యలో పడుతుంది, సైకిల్ ఫ్రీవీల్ ఎలాగైతే పెడల్ ఆపినా చక్రాన్ని తిరగనిస్తుందో ఇదీ అంతే. నాకు స్లాషర్ అమ్మిన షాపువాడు దాని ఊసే ఎత్తలేదు. సింగిల్ క్లచ్ బండి ఉన్న ప్రతి ఒక్కరూ ఇవాళే అది ఉందో లేదో చూసుకోండి.

డ్రిప్ పైపులు కోత టైమ్‌లో చెట్టు మొదలు వైపు లాక్కోండి, లేదా చెట్ల వరసలోనే రెండు చివరలా రాళ్ళకి తీగ కట్టి మోకాలెత్తులో వేలాడదీయండి. రేటు విషయం, 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద, వ్యవసాయ యంత్రాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది, కొటేషన్‌లో అది కనపడాలి. పనిముట్లకి కేంద్రం యాంత్రీకరణ పథకం కింద చిన్న సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకి 50 శాతం దాకా, మిగతావాళ్ళకి 40 శాతం దాకా సబ్సిడీ ఉంటుంది, దేనికైనా పై పరిమితి పెడతారు. డబ్బు కట్టకముందే రైతు సేవా కేంద్రంలో అడగండి, కొన్నాక అడిగితే రాదు.

ప్రశ్న: అన్నా నమస్తే, మేం హైదరాబాద్‌ల ఉంటం, చేవెళ్ల కాడ 2 ఎకరాల జాగ తీసుకున్నం. చిన్న ఇల్లు కట్టినం, చుట్టూత సపోట, జామ, మామిడి మొక్కలు పెట్టినం, అన్నీ రెండేండ్లవి. శని ఆదివారాలే పోతం. పోయిన వానకాలం గడ్డి నడుం దాకా పెరిగింది, పామొచ్చిందని పిల్లలు బయట అడుగు పెట్టలే. చిన్న ట్రాక్టర్ కొందామా, గడ్డి కోసే లాన్ మూవర్ కొందామా?
– చేవెళ్ల నుంచి

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ. 2 ఎకరాలకి ట్రాక్టర్ కొంటే వారానికోసారి దాన్ని తుడవడానికే సరిపోతుంది, ఎలకలు వైర్లు కొరికేస్తాయి, బ్యాటరీ దిగిపోతుంది. తోసే లాన్ మూవర్ సమానంగా ఉన్న పచ్చిక కోసం చేసింది, మీ వైపు నేలలో గుండ్లు, రాళ్ళు ఉంటాయి, మొదటి రోజే బ్లేడు వంగుతుంది.

మీకు కావాల్సింది మంచి బ్రష్ కట్టర్, అంటే పొడవాటి గొట్టం చివర తాడో బ్లేడో తిరిగే చేతి మిషన్, ఫోర్ స్ట్రోక్ పెట్రోల్‌ది, భుజాలకి రెండు వైపులా బెల్టు వచ్చేది. టూ స్ట్రోక్ తేలిక, కానీ ఆయిల్ కలపడం వారాంతంలో పోయేవాళ్ళకి సరిగ్గా కుదరదు, ఒకసారి కలపడం మర్చిపోతే ఇంజన్ పట్టేస్తుంది. లేత గడ్డికి నైలాన్ తాడు, ముదిరిన గడ్డికి మూడు రెక్కల బ్లేడు. ఇల్లు, దారి, చెట్ల చుట్టూ మీరు కోసుకోండి, మిగతా ఖాళీ జాగకి వానాకాలంలో రెండు మూడుసార్లు స్లాషర్ ఉన్న మినీ ట్రాక్టర్ అద్దెకి పిలిపించండి. రోటవేటర్ తెస్తానంటే వద్దని చెప్పండి, కారణం పైన రాశాను.

మీవి రెండేళ్ళ మొక్కలు కాబట్టి ఇంకో మాట. నైలాన్ తాడు మొక్క మొదలుకి తగిలితే చప్పుడు కూడా రాదు, బెరడు చుట్టూ ఉంగరంలా ఊడిపోతుంది, నెల తర్వాత మొక్క పైనుంచి ఎండుతూ వస్తుంది, చెదలు పట్టిందేమో అని మందు పోస్తారు. అడుగు ముక్క ప్లాస్టిక్ పైపు నిలువుగా చీల్చి ప్రతి మొక్క మొదటికీ తొడగండి, చుట్టూ రెండడుగులు చేత్తో పీకి ఎండు గడ్డి కప్పండి. కోసేటప్పుడు మోకాళ్ళ దాకా గంబూట్లు, కళ్ళద్దాలు, జీన్స్ ప్యాంటు. పాము భయం నిజమే, రక్తపింజరి గడ్డిలో కదలకుండా పడుకుంటుంది, చప్పుడుకి పారిపోతుందనుకోవద్దు. అందుకే నడుం దాకా పెరగనివ్వకండి, ఇంటి చుట్టూ ఇరవై అడుగులు మాత్రం పదిహేను రోజులకోసారి పాదం ఎత్తుకి కోసి ఉంచండి. వయ్యారిభామ ఉంటే తెల్ల పూలు రాకముందే, ముక్కుకి గుడ్డ కట్టుకుని కోయండి. ఇంకో నాలుగైదేళ్ళు పోయి చెట్లు ఎత్తుకెదిగాక గొర్రెల మందని అడగండి, గడ్డీ పోతుంది ఎరువూ పడుతుంది, ఇప్పుడే రానిస్తే మొక్కలు మిగలవు.

ప్రశ్న: అన్నయ్య గారూ, మేము అమెరికాలో టెక్సస్, డాలస్‌కి ఉత్తరాన ఉంటాం, కిందటేడు 8 ఎకరాలు కొన్నాం. ఇంటి ముందు అర ఎకరం లాన్, మిగతాదంతా పెద్ద గడ్డి, అక్కడక్కడా ముళ్ళ మెస్కీట్ చెట్లు. మా వారు 60 అంగుళాల జీరో టర్న్ మూవర్ (పైన కూర్చుని నడిపే, ఉన్నచోటే గిర్రున తిరిగే లాన్ మిషన్) కొంటే మొత్తం అయిపోతుంది అంటున్నారు, పొరుగాయన ట్రాక్టర్ కొనమంటున్నాడు. మా నాన్నగారిది ప్రకాశం జిల్లా, ఫోన్‌లో అడిగితే "ముందు సర్కారు తుమ్మ తీయించమ్మా" అంటున్నారు.
– ఒక చెల్లెలు, టెక్సస్

జవాబు: మీ నాన్నగారు చూడకుండానే భలే చెప్పారమ్మా! మన సర్కారు తుమ్మ, మీ మెస్కీట్ ఒకే కుటుంబం, అక్కచెల్లెళ్ళే, మనది కూడా అటు అమెరికా ఖండం నుంచి వచ్చిందే. ముల్లు కూడా అంతే గట్టిది. జీరో టర్న్ అర ఎకరం లాన్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది, మలుపుల్లో దాన్ని మించింది లేదు. కానీ దాన్ని ఎత్తు గడ్డిలోకి, మెస్కీట్ మోళ్ళ మధ్యలోకి తీసుకెళ్తే బ్లేడ్లు తిరిగే ఇరుసులు వంగుతాయి, చిన్న టైర్లు పంక్చర్ అవుతాయి, వాలులో తడి గడ్డి మీద ఆగదు, చెరువు గట్టు మీదకి అస్సలు ఎక్కించొద్దు.

ఏడున్నర ఎకరాలకి కాంపాక్ట్ ట్రాక్టర్, వెనక 5 అడుగుల రోటరీ కట్టర్, అంటే మన స్లాషరే. 5 అడుగులకి పీటీఓ దగ్గర 25 దాకా కావాలి. మీ దేశంలో ఒక చిక్కుంది, అక్కడి పొగ నిబంధనల వల్ల 25 హెచ్‌పీ దాటిన డీజిల్ ఇంజన్లకి సాధారణంగా సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది అప్పుడప్పుడూ వేడెక్కి మసిని కాల్చుకోవాలి, రోజూ పది నిమిషాలు తిప్పి ఆపేస్తే మూసుకుపోతుంది. అందుకే అక్కడ 24 పాయింట్ ఎంతో అని రాసిన మోడళ్ళు అన్ని కనపడతాయి. 24తో 4 అడుగుల కట్టర్ తీసుకుని రెండు గంటలు ఎక్కువ తిరగడమా, 35 తీసుకుని ఫిల్టర్ చూసుకోవడమా అన్నది మీ ఓపిక. బండి ముందు వైపు బరువులెత్తే లోడర్ కూడా పెట్టించుకుంటారు కాబట్టి నేనైతే 35 వైపు మొగ్గుతాను, లోడర్‌తో బరువెత్తేటప్పుడు వెనక కట్టర్ గానీ బరువు డబ్బా గానీ ఉంచాలి సుమా, లేకపోతే వెనక చక్రాలు తేలతాయి.

చిన్న సంగతి చెప్తా, మహీంద్రా ఓజా అని 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో విడుదల చేసిన చిన్న ట్రాక్టర్లు మన జహీరాబాద్ ఫ్యాక్టరీలోనే తయారవుతాయి, వాళ్ళ అమెరికా ఆఫీసు మీ హ్యూస్టన్‌లోనే ఉంది. మన ఊరి బండి అని కొనమనట్లేదు, మీక్కూడా అదే మాట, దగ్గర్లో సర్వీస్ ఎవరిది బాగుంటే వాళ్ళది. టైర్లలో పంక్చర్ ఆపే ద్రవం మొదటి రోజే పోయించండి. సీటు బెల్టు పెట్టుకోమని మీ వారికి చెప్పండి, బోల్తా నుంచి కాపాడే ఫ్రేము లేచి ఉన్నప్పుడు బెల్టు లేకపోతే ఆ ఫ్రేము ఉండి లాభం లేదు.

ప్రశ్న: పాత మినీ ట్రాక్టర్ ఒకటి బేరానికి వచ్చింది, ఏం చూడాలి?
– అశ్వారావుపేట నుంచి ఒక పామాయిల్ రైతు

జవాబు: పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి, మీరు వెళ్ళేసరికి వేడిగా ఉంటే మర్నాడు వస్తానని చెప్పి తిరిగొచ్చేయండి. గంటల మీటరు చూడండి, అది తక్కువ చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరు అబద్ధం చెప్తోందని అర్థం. స్లాషర్ తగిలించి పైకెత్తి ఇంజన్ ఆపి టీ తాగి రండి, ఈలోగా బాగా కిందకి దిగిపోయిందంటే హైడ్రాలిక్ పని ఉంది. పీటీఓ షాఫ్ట్ చేత్తో అటూ ఇటూ ఊపి చూడండి. పామాయిల్‌లో దూరం 9 మీటర్లు కాబట్టి మీకు మరీ సన్న బండి అక్కర్లేదు, కానీ నరికిన మట్టలు దారిలో పడి ఉంటే స్లాషర్ కత్తికి ముప్పు, మట్టలన్నీ ఒక సాలు విడిచి ఒక సాలులో వేసుకుని, ఖాళీ సాళ్ళలోనే కోయండి.

ప్రశ్న: అన్నయ్యా, మాది బత్తాయి తోట, అనంతపురం జిల్లా. మా ఆయన లుంగీ మీదే ట్రాక్టర్ తోలతాడు, గడ్డి మిషన్ తిరుగుతుండగానే దిగి వెనక్కి పోయి చూస్తాడు. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవర్ పగిలితే పీకి పారేశాడు. నేను చెప్తే నీకేం తెలుసు అంటాడు. మీరన్నా చెప్పండి.
– ఒక చెల్లెలు

జవాబు: బావగారూ, ఇది మీకే రాస్తున్నా, మా చెల్లెలు చదివి వినిపిస్తుంది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 9. మీ లుంగీ అంచు దానికి తగిలిన సెకనులోనే తొమ్మిది చుట్లు చుట్టుకుంటుంది, మీరు "ఓయ్" అనేలోపు గుడ్డతో పాటు కాలు కూడా లోపలికి పోతుంది, ఎంత బలమున్నవాడైనా వెనక్కి లాగలేడు. చీర కొంగు, చున్నీ, మెళ్ళో తువ్వాలు అన్నీ ఇంతే. నేను వర్క్‌షాపులో ఉన్నప్పుడు అలా చుట్టుకున్న తువ్వాలుని కత్తితో కోసి తీయాల్సి వచ్చింది, తువ్వాలు ఒక్కటే కాబట్టి బతికిపోయాడు, అది తాడులా ఎంత బిగుసుకుపోయిందంటే కత్తి దిగడానికే పావుగంట పట్టింది.

ప్యాంటు వేసుకోండి, చొక్కా లోపలికి దోపుకోండి. దిగాలనిపిస్తే ముందు పీటీఓ తీసేయండి, ఇంజన్ ఆపండి, తాళం జేబులో వేసుకోండి, కత్తులు ఊపుకి ఇంకా కాసేపు తిరుగుతూనే ఉంటాయి, ఆ చప్పుడు పూర్తిగా ఆగాకే వెనక్కి వెళ్ళండి. గడ్డి కోసేటప్పుడు చుట్టూ కనుచూపు దూరంలో పిల్లలు, మేకలు ఉండకూడదు, స్లాషర్ కింద నుంచి ఎగిరిన గులకరాయి తుపాకీ గుండులా పోతుంది, వెనక వేలాడే గొలుసుల తెర ఊడిపోతే ముందు అది పెట్టించి తర్వాత తోటలోకి దింపండి. బండి నడపడం, చూసుకోవడం పద్ధతిగా నేర్చుకోవాలంటే మీ జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది, రైతులకి ట్రైనింగ్ ఇస్తారు, ఇద్దరూ వెళ్ళండి, చెల్లెలు కూడా.

ఇక ఆ కవర్. షాఫ్ట్‌ని పూర్తిగా మూసినప్పుడు ఈ చివర క్రాస్ (షాఫ్ట్ మలిగే కీలు) నుంచి ఆ చివర క్రాస్ దాకా పొడవు టేపుతో కొలిచి, లోపలి గొట్టం గుండ్రమా, మూడు పలకలా, చదరమా అన్నది ఫోటో తీసుకుని స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళండి, కవర్ విడిగా దొరుకుతుంది, షాఫ్ట్ మొత్తం మార్చక్కర్లేదు. బిగించాక రెండు చివరలా చిన్న గొలుసులు వేలాడుతూ ఉంటాయి, పనికిరానివనుకుని తీసేయకండి, ఒకటి ట్రాక్టర్‌కి, ఒకటి స్లాషర్‌కి తగిలించండి, లోపల షాఫ్ట్ తిరుగుతున్నా పైన కవర్ తిరగకుండా పట్టుకునేవి అవే.